రోడ్డు మీద ఎనిమిదిన్నర గజాల కబ్జా

నమస్కారం. ఈ రోజు టేపు తెచ్చాను. మేస్త్రీలు గోడలు కొలిచే ఇనప టేపు. మా వీధి మలుపులో నాలుగేళ్లుగా కదలని కారు ఒకటి ఉంది. నిన్న పొద్దున్నే వెళ్లి దాన్ని కొలిచాను. పొడవు 14 అడుగులు, వెడల్పు అయిదున్నర. మొత్తం 77 చదరపు అడుగులు. గజానికి తొమ్మిది చదరపు అడుగుల లెక్కన ఎనిమిదిన్నర గజాలు! హైదరాబాద్‌లో, రోడ్డు పక్కన, కార్నర్ బిట్టు! రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, ఆస్తి పన్ను లేదు, లింకు డాక్యుమెంట్ల గొడవ అసలే లేదు.

దాన్ని మీరంతా డొక్కు కారు అంటున్నారు. నేను కబ్జా అంటున్నాను.

రోడ్ల పక్కన పడి ఉన్న పాత బండ్లను క్రేన్లతో ఎత్తుకెళ్లడం గురించి పోయిన వారం మాట్లాడాను కదా. కింద కామెంట్లలో సగం మంది పేదవాళ్ల పొట్ట కొడతారా అని నన్ను తిట్టారు. మిగతా సగం మంది మా వీధికి క్రేన్ ఎప్పుడొస్తుందని అడిగారు. ఇద్దరూ ఒకే చోట పొరబడ్డారు. ఆ బండ్లను ఎవరో వదిలేసి పోయారనుకుంటున్నారు. ఎవరూ వదిలేయలేదండీ! ఊరికి వెళ్లే బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకుంటాం చూడండి, ఇదీ అంతే. ఆ కారు రోడ్డు మీద పరిచిన తువ్వాలు.

రుజువు కావాలా? ఆ కారు దగ్గరికి రండి. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయాయి. బానెట్ సందులోంచి జానెడు రావి మొక్క మొలిచింది. వెనక సీటులో పిల్లి సంసారం పెట్టింది. వీధి ఊడ్చే అమ్మ చీపురు ఆ కారు దాకా వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. ఇక ముందు బంపరు చూడండి. నిమ్మకాయ, మిరపకాయల దండ. అది మాత్రం కొత్తది! ప్రతి దసరాకు ఆ కారుకు ఆయుధ పూజ జరుగుతుంది. పసుపు, కుంకుమ, బంతిపూలు, గుమ్మడికాయ, అన్నీ. అంగుళం కదలని బండికి దిష్టి ఎందుకు తగులుతుందో నాకు తెలియదు కానీ, వదిలేసిన బండికి బంతిపూల దండ ఎవరు వేస్తారు చెప్పండి?

పోయిన దసరాకు పూజ చేస్తున్న పెద్దాయననే అడిగాను.

"అంకుల్, ఇది నడుస్తుందా?"

"నడవకేం బాబూ, బ్యాటరీ ఒక్కటే పోయింది."

"తీసేయవచ్చు కదా?"

"తీసేస్తే ఎదురింటాయన తన కారు పెట్టేయడూ!"

విన్నారా? ఇంతకన్నా వాంగ్మూలం ఏం కావాలి? ఆయన ఇంటి కింద కార్ల కోసం వదిలిన జాగా లేదా అంటే, భేషుగ్గా ఉంది. అందులో టైలరింగ్ షాపు నడుస్తోంది. నెలనెలా అద్దె వస్తోంది. సొంత జాగా అద్దెకు, సర్కారు జాగా సొంతానికి!

ఇప్పుడు లెక్క వేయండి. ఆ కారును తుక్కు కింద అమ్మితే వచ్చేది వేలల్లో. దాని కింద ఉన్న జాగా, గజం లక్ష అనుకున్నా, ఎనిమిదిన్నర లక్షలు. ఏ తెలివైనవాడు అమ్ముతాడు? 2021లో కేంద్రం వాహనాల తుక్కు నిబంధనలు తెచ్చింది. పాత బండిని గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రంలో అప్పగించి ధ్రువపత్రం తెచ్చుకుంటే, కొత్త సొంత కారు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చని రాశారు. 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి ఏకంగా 5,000కు పెంచారు. బెల్లం చూపించారు, బెత్తం చూపించారు. మా పెద్దాయన రెండిటి వంకా చూడలేదు. ఎందుకు చూస్తారు? వాళ్లు మాట్లాడేది కారు గురించి. ఆయన ఆలోచించేది జాగా గురించి.

చట్టం లేదా అంటే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం, 127వ సెక్షను. బహిరంగ స్థలంలో పది గంటలకు మించి దిక్కులేకుండా ఉన్న బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు. ఆ ఖర్చంతా యజమానిదే. పది గంటలు! మా కారు ముప్పై అయిదు వేల గంటలు పూర్తి చేసుకుంది. ఒక ఆఫీసులో అడిగితే ఇది చెత్త కిందికి రాదు, ట్రాఫిక్ వాళ్లకు చెప్పండి అన్నారు. ఇంకోచోట అడిగితే యజమాని ఉన్నాడు కదా, వదిలేసిన బండి ఎలా అవుతుంది అన్నారు. ఎవరి చేతికీ మట్టి అంటలేదు. కారు కింద మాత్రం నాలుగేళ్ల మట్టి పేరుకుంది.

అసలు తీసుకెళ్లి ఎక్కడ పెడతారన్నది ఇంకో వినోదం. ఏదైనా పోలీస్ స్టేషన్ ప్రహరీ పక్కన నడిచి చూడండి. స్కూటర్ల మీద స్కూటర్లు, ఆటోల మీద తీగలు. కేసుల్లో పట్టుకున్న బండ్లను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచవద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. ఫోటోలు తీసుకోండి, పూచీ మీద ఇచ్చేయండి, ఎవరూ రాకపోతే వేలం వేయండి అంది. ఇరవై ఏళ్లు దాటింది.

ఈ వానాకాలం సంగతి కూడా చెప్పాలి. డిక్కీ మూత సొట్టలో నీళ్లు నిలిచాయి. తొంగి చూస్తే పురుగులు గిలగిలా ఈదుతున్నాయి. దోమ పిల్లలు! మలేరియాను మోసేది దోమేనని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న. దానికి 1902లో నోబెల్ వచ్చింది. బేగంపేటలో ఆయన పేరున సంస్థ కూడా ఉంది. ఆయన పాపం దోమల కోసం ఎంత తిరిగాడో! ఈ రోజుల్లో అయితే మా వీధి మలుపులో కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు. మలేరియా దోమకు బదులు డెంగీ దోమ దొరికేది, అంతే తేడా.

సరే, పేదవాళ్ల బండ్ల సంగతికి వస్తాను, లేకపోతే మళ్లీ తిడతారు. మోటారు సైకిళ్ల విషయంలో కొంత ఒప్పుకుంటాను. చలాన్లు పెరిగి పెరిగి బండి ధరను దాటిపోతే, పట్టుబడిన బండిని విడిపించుకోవడానికి ఎవరూ రారు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల చలాన్ల మీద 75 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. ఇప్పుడు జనం ఆషాఢం సేల్ కోసం చూసినట్టు చలాన్ల సేల్ కోసం చూస్తున్నారు. అలా పాత హీరో హోండాను వదులుకున్న కుర్రాడి మీద నాకు జాలి ఉంది. కానీ కారుకు గుమ్మడికాయ కొట్టే పెద్దాయన పేదవాడు కాదండీ. ఆయనకు మూడంతస్తుల మేడ ఉంది.

అందుకే అంటున్నాను, దీన్ని చెత్త ఖాతాలోంచి, ట్రాఫిక్ ఖాతాలోంచి తీసి కబ్జా ఖాతాలో రాయండి. చెరువుల కబ్జాల మీదికి పోవడానికి 2024 జులైలో హైడ్రా పెట్టారు కదా. ఇక్కడ బుల్డోజరు కూడా అక్కరలేదు. ఆ కారు అద్దం మీద "ఇది ప్రభుత్వ భూమి" అని బోర్డు పెట్టి, గజానికి రోజుకు ఇంతని అద్దె కట్టి, ఆ బిల్లు ఆస్తి పన్నులో కలిపి పంపండి. వారం తిరగకుండా బ్యాటరీ దొరుకుతుంది, చూడండి! మీ వీధిలో ఉన్న కారును కూడా కొలవండి. ఎన్ని గజాలో కామెంట్లో రాయండి. పూజ ఫోటో దొరికితే మరీ మంచిది.

నేను ఊరుకోలేదు. మొన్న సోమవారం ఒక ఆఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చాను. కారు అన్న మాటే రాయలేదు. వీధి మలుపులో ఎనిమిదిన్నర గజాల ప్రభుత్వ స్థలం ఆక్రమణకు గురైంది, దయచేసి విడిపించండి అని రాశాను. కౌంటర్లో ఉన్నాయన మొత్తం చదివి, కళ్లజోడు పైకి తోసుకుని, "సర్వే నంబరు వేయలేదేమండీ?" అన్నాడు.

పెన్ను తీసి కారు నంబరు వేసి ఇచ్చాను. ముద్ర కొట్టి తీసుకున్నాడు.