గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది? రోగనిరోధక కణాలు, కణజాలాలు

నమస్కారం అండీ. నెల్లూరు, ఒంగోలు వైపు పొలాల్లో తిరిగేవాళ్ళలో అరికాల్లో చిల్లకంప ముల్లు దిగనివాళ్ళు తక్కువ. ముల్లు తీసేసినా రెండు రోజులకు గజ్జల్లో బిళ్ళ కడుతుంది. కాలికి ముల్లు గుచ్చుకుంటే వాపు అంత పైకి ఎందుకొచ్చిందో ఇవాళ చూద్దాం.

ముందు ముల్లు దిగినచోట ఏం జరుగుతుందో చూడండి. చర్మం కింద క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌లు ఎప్పుడూ కాపలా ఉంటాయి. బ్యాక్టీరియా తగలగానే సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు వదులుతాయి. దాంతో రక్తనాళాలు వెడల్పవుతాయి; ఎరుపు, వేడి, వాపు వచ్చేది అందుకే. కొన్ని గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రక్తంలోంచి బయటికొచ్చి, బ్యాక్టీరియాను మింగి, అక్కడే చచ్చిపోతాయి. చీములో ఎక్కువగా ఉండేవి అవే.

ఇక డెండ్రైటిక్ కణం, అంటే వార్త మోసే కణం. ఇది బ్యాక్టీరియా ముక్కల్ని పైన తగిలించుకుని లింఫ్ (కణజాలాల్లోంచి వచ్చే ద్రవం) నాళం గుండా పోతుంది. వేళ్ళు, పాదం లోపలి అంచు నుంచి ఎక్కువగా గజ్జల్లోని లింఫ్ నోడ్లకు (రోగనిరోధక కణాలు గుమిగూడే చిన్న గడ్డలకు) దారి. మడమ, బయటి అంచు నుంచైతే మోకాలి వెనక నోడ్లకు. కాబట్టి మడమలో గుచ్చుకుంటే మోకాలి వెనక కూడా తడిమి చూడాలి.

నోడ్‌ బయటి పొరలో బి-కణాలు, వాటి లోపలివైపు టి-కణాలు ఉంటాయి; రెండూ లింఫోసైట్లు అనే తెల్లకణాలే. ఎముక మజ్జలో పుట్టిన టి-కణాలు రొమ్ము ఎముక వెనకున్న థైమస్‌లో తర్ఫీదు పొంది వస్తాయి. డెండ్రైటిక్ కణం తెచ్చిన ముక్క ఏ టి-కణానికి సరిపోతే అది వేలల్లో పెరుగుతుంది. దాని సాయంతో బి-కణాలు ప్లాస్మా కణాలై క్రిముల్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేస్తాయి. ఈ పెరుగుదలే మన చేతికి బిళ్ళలా తగులుతుంది. దాన్ని నలపకండి. గట్టిగా, నొప్పి లేకుండా, నాలుగు వారాలైనా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

టెటనస్ (ధనుర్వాతం) సంగతి వేరు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ప్రాణం తీసేంత టెటనస్ విషం కూడా ఈ కణాల్ని మేల్కొల్పడానికి చాలదు. జబ్బు వచ్చి తగ్గినవాళ్ళకు కూడా రక్షణ రాదు, టీకాతోనే వస్తుంది. మట్టి అంటిన గాయమై, చివరి డోసు వేసుకుని 5 ఏళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి.

రక్తపరీక్ష రిపోర్టులో చాలామంది పొరబడేది శాతం దగ్గర. తెల్లకణాలు మొత్తం 3,000, అందులో లింఫోసైట్లు 45 శాతం అని వస్తే, అవి పెరిగాయనుకుంటారు. లెక్క కట్టండి: 1,350. పెద్దవాళ్ళకు అది మామూలే. తగ్గినవి న్యూట్రోఫిల్స్. డెంగీ జ్వరంలో ఇలా కనిపించడం మామూలు. అందుకే ముందు మొత్తం సంఖ్య, తర్వాతే శాతం చదవండి.