మైకు వదలని బాబాయి, మూల అలిగిన బాబాయి

అందరికీ నమస్కారం.

మన పెళ్లిళ్లలో ఇద్దరు బాబాయిలు తప్పకుండా కనిపిస్తారు. ఒకాయన మైకు వదలడు. ఫొటోలో మధ్యన ఆయనే ఉండాలి. సంబంధం కుదిరింది తనవల్లే, గుత్తొంకాయ కూర కుదిరింది కూడా తనవల్లే. రెండో ఆయన పందిట్లో ఓ మూల ముఖం ముడుచుకుని కూర్చుంటాడు. భోజనానికి లేవమంటే "నన్నెవరు పిలిచారు?" అంటాడు. శుభలేఖలో తన పేరు కింద పడిందన్న సంగతి పదేళ్లయినా మర్చిపోడు.

మొదటాయన్ని చూసి "అబ్బో, ఎంత డాబు!" అంటాం. రెండో ఆయన్ని "పాపం, మెత్తని మనసు" అంటాం. నా పేచీ అంతా ఆ "పాపం"తోనే.

1991లో పాల్ వింక్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఆత్మరతిని, అంటే తనంతటివాడు లేడనుకునే గుణాన్ని (ఇంగ్లీషులో నార్సిసిజం), కొలిచే ఆరు కొలమానాలను పక్కపక్కన పెట్టి చూశాడు. అన్నీ ఒకే మాట చెప్పాలి కదా? చెప్పలేదు. రెండు గుంపులుగా విడిపోయాయి. ఒక గుంపులో డాంబికం, దూకుడు, నలుగురిలో కలిసే గుణం. రెండో గుంపులో బెరుకు, ఆందోళన, చిన్న మాటకే నొచ్చుకోవడం. ఒకదానికీ మరొకదానికీ పొత్తు లేదు. కానీ గర్వం, తన సుఖమే చూసుకోవడం, ఎదుటివాళ్ల అవసరాలు పట్టకపోవడం మాత్రం రెండు గుంపుల్లోనూ ఉన్నాయి.

అంటే లోపలి సరుకు ఒకటే, తేడా స్వభావంలోనే. జెఫ్రీ గ్రే అనే మనస్తత్వవేత్త సిద్ధాంతం ప్రకారం మనలో ఒక వ్యవస్థ ప్రతిఫలం కనిపిస్తే అటు పరిగెత్తిస్తుంది, ఇంకొకటి ప్రమాదం తోస్తే ఆపుతుంది. యాక్సిలరేటరు, బ్రేకు అనుకోండి. "నేను అందరిలాంటివాణ్ని కాను" అన్న భావం యాక్సిలరేటరు బలంగా ఉన్నవాడి చేత మైకు పట్టిస్తుంది. బ్రేకు బలంగా ఉన్నవాడు మెప్పు అడగలేడు, అది రాకపోతే ఓర్చుకోనూ లేడు. అందుకే అలుగుతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. బెరుకు వేరు, ఆత్మరతి వేరు. మీ అబ్బాయి చుట్టాలొస్తే గదిలోకి దూరిపోతున్నాడని ఈ ముద్ర వేసేయకండి. అలిగే ప్రతి బాబాయీ రోగి కాడు. అమెరికన్ వైద్యుల నిర్ధారణ గ్రంథం చెప్పే తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు ఉంటేనే దాన్ని వ్యక్తిత్వ రుగ్మత అంటారు. ఆ తొమ్మిదీ ఎక్కువగా మైకు బాబాయినే వర్ణిస్తాయన్న విమర్శ కూడా ఉంది, నాకది సబబుగానే తోస్తుంది.

మరి ఆ లోపలి సరుకు ఎక్కడిది? కొంత పుట్టుకతో వస్తుంది, కొంత ఇంట్లో. నెదర్లాండ్స్‌లో 7 నుంచి 11 ఏళ్ల వయసున్న 565 మంది పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను గమనించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. "మా వాడు మిగతా పిల్లలకంటే గొప్ప" అనుకునే తల్లిదండ్రుల పిల్లల్లో కాలక్రమంలో ఆత్మరతి పెరిగింది. ప్రేమగా చూసిన ఇళ్లలో పెరిగింది ఆత్మగౌరవం. ముద్దు చేయడం తప్పు కాదండీ. పక్కింటి పిల్లాడితో పోల్చి ముద్దు చేయడంతోనే చిక్కు.

ఇద్దరు బాబాయిలూ ఒకే మనిషిలో ఉండొచ్చు. దుర్యోధనుణ్ని చూడండి. అంతటి దర్పం గలవాడు, మయసభలో నీళ్లలో పడి నవ్వులపాలయ్యాక శకునితో "నిప్పుల్లో దూకుతాను, విషం తాగుతాను, నీళ్లలో మునుగుతాను" అన్నాడు. ద్రౌపది నవ్విందనే మనమంతా విన్నాం. సంస్కృత భారతంలో ఆ ఘట్టం జరిగేచోట నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, కవలలు, అక్కడున్న మరికొందరు. ద్రౌపది ఊసే లేదు. తర్వాత దుర్యోధనుడు తండ్రి దగ్గర కూర్చుని జరిగింది చెప్పుకునేటప్పుడు నవ్వినవాళ్లలోకి కృష్ణుడొచ్చాడు, ఆడవాళ్లతో కలిసి ద్రౌపదీ వచ్చింది. అలిగినవాడు చెప్పుకునేటప్పుడు నవ్వినవాళ్ల లెక్క అలా పెరుగుతుంది మరి.