చదువుతున్నావా అని అడిగితే ఏం తెలుస్తుంది?

సభలోని ఉపాధ్యాయ మిత్రులకు, బి.ఎడ్. విద్యార్థులకు నమస్కారం.

కొన్నేళ్ల క్రితం ఈ విశాఖపట్నంలోనే డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులకు నేనొక ప్రశ్నావళి పంచాను. ఎవరు ఎలా చదువుతారో వాళ్ల మాటల్లోనే తెలుసుకోవాలన్నది నా ఉద్దేశం. ‘పరీక్షకు ముందు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదువుతాను’ అన్న వాక్యం దగ్గర భీమిలి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, ‘సార్, చదవడమంటే పుస్తకం చూసి చదవడమా, చూడకుండా అప్పజెప్పుకోవడమా?’ అని అడిగింది. ఆ వాక్యం రాసింది నేనే అయినా, నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆమె వేలుపెట్టి చూపిన చోటు చిన్నది కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక ప్రయోగంలో, కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని పదేపదే చదివారు. మరికొందరు ఒక విడత చదివి, ఆ తర్వాత దాన్ని చూడకుండా గుర్తుచేసుకుని మూడుసార్లు రాశారు. వారం గడిచాక చూస్తే, గుర్తుచేసుకుని రాసినవారికి సుమారు 61 శాతం, పదేపదే చదివినవారికి సుమారు 40 శాతం గుర్తుంది. అయితే తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినవారు మాత్రం పదేపదే చదివినవారే. అంటే తన చదువు గురించి విద్యార్థి నిజాయితీగా చెప్పే మాట కూడా పొరపాటు కావచ్చు. పైగా ఇంత తేడా ఉన్న రెండు పనులనూ మన తెలుగు ‘చదవడం’ అనే ఒక్క క్రియలో ఇముడ్చుకుంటుంది. అప్పజెప్పుకోవడం, వల్లె వేయడం అనే మంచి మాటలు మనకు ఉండగా, ప్రశ్నావళిలో వాటిని వాడకపోవడం నా తప్పు.

విద్యార్థులు ఎలా చదువుతారో తెలుసుకోవడానికి విస్తృతంగా వాడే ప్రశ్నావళుల్లో ఒకటి మిషిగన్ విశ్వవిద్యాలయంలో పింట్రిచ్, ఆయన సహచరులు రూపొందించినది. 1991 నాటి దాని కరదీపికలో 81 అంశాలున్నాయి. వాటిలో 31 ప్రేరణకు, 50 అభ్యసన వ్యూహాలకు చెందినవి. ప్రతి అంశానికీ, అది తనకు ఎంతవరకు వర్తిస్తుందో చూసుకుని, విద్యార్థి 1 నుంచి 7 వరకు ఒక అంకెను ఎంచుకోవాలి. అది శ్రద్ధగా చేసిన పని, నాకు దానిపై గౌరవం ఉంది. కానీ ఆ అంకెలు ఏ కొలబద్ద మీదివి? ఇంటర్మీడియట్‌లో హాస్టల్లో ఉండి తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడికి, సాయంత్రం దుకాణంలో పనిచేసి వచ్చి గంటసేపు చదివే పిల్లవాడికి ‘బాగా కష్టపడతాను’ అన్న మాట ఒకే బరువు తూగదు. మొదటివాడు 4 వేసి, రెండోవాడు 6 వేస్తే ఎవరి శ్రమ ఎక్కువో ఆ కాగితం చెప్పలేదు. పాడేరు వైపు నుంచి వచ్చి, ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే విద్యార్థికైతే మన తెలుగు వాక్యమే రెండో భాషలో ఎదురయ్యే పరీక్ష.

ప్రశ్నావళి నమ్మదగినదని చూపడానికి వాడే ఒక లెక్క ఉంది, క్రాన్‌బాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో వివరించిన ఆల్ఫా గుణకం. అది 0.8 వచ్చిందని చూపి, మన పరిశోధక విద్యార్థులు తరచు ఊరట పొందుతారు. ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయన్నదే అది చెబుతుంది. అందరూ ఒకే రకంగా పొరబడినా ఆ పొందిక కుదురుతుంది.

అందుకని ప్రశ్నావళిని పారేయమని నేను అనను. పరీక్ష అంటే బెంగ, సబ్జెక్టు మీద ఇష్టం, తనవల్ల అవుతుందన్న నమ్మకం వంటివి అడిగి తెలుసుకోవలసినవే. వాటికి విద్యార్థిని మించిన సాక్షి లేడు. చేసే పని సంగతి వేరు. అక్కడ ‘సాధారణంగా’, ‘తరచుగా’ అని అడగడం మానేసి, నిన్న రాత్రి ఏం చేశావని అడగాలి. మార్కులు వేసే ఉపాధ్యాయుడే ఎదురుగా నిలబడి కాగితాలు పంచకూడదు, పేరు రాయమనకూడదు.

ఆ అమ్మాయి అడిగిన తర్వాత నేను ఆ వాక్యాన్ని రెండుగా విడగొట్టాను: ‘నిన్న పాఠాన్ని పుస్తకం చూస్తూ ఎన్నిసార్లు చదివారు? పుస్తకం మూసి ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నారు?’ ఆ కింద సగం పేజీ ఖాళీగా వదిలి, ఆ పాఠంలో ఇప్పుడు గుర్తున్నది రాయమన్నాను. అప్పటినుంచి నేను ముందుగా చూస్తున్నది ఆ సగం పేజీనే.