బకెట్టు అంచున కట్టే తెట్టు

అందరికీ నమస్కారం. మైకు కాస్త కీచుమంటోంది, సర్దుకోండి. విజయనగరంలో ఉప్పుబోరు నీళ్లతో బట్టలుతికినవాళ్లకి ఈ సబ్జెక్టు కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్టు అంచున తెల్లగా జిడ్డుగా తెట్టు కడుతుంది, గోకితే గోళ్లలో ఇరుక్కుంటుంది. ఆ తెట్టే లోహపు సబ్బు. సబ్బులోని సోడియం నీళ్లలోకి పోయింది, నీళ్లలోని కాల్షియం వచ్చి దాని చోట్లో కూర్చుంది. మెగ్నీషియం కూర్చున్న పొడినైతే మనం వేసుకునే చాలా మాత్రల్లో కలుపుతారు.

ఈ సబ్బుల లోపల ఏముందో చూడాలంటే కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపుతాం. పంపితే అణువులోని ఒక్కో బంధం తన ఊపుకి సరిపడే కాంతిని మింగేస్తుంది. సబ్బు తయారయ్యే కొవ్వు ఆమ్లాల్లో ఒకటైన స్టియరిక్ ఆమ్లానికి 1700 దగ్గర, అంటే సెంటీమీటరుకి 1700 తరంగాలు, పెద్ద పీక్ వస్తుంది, అంటే ఆ కాంతిని మింగినట్టు గ్రాఫులో కనిపించే గుర్తు. సబ్బుగా మారితే అది మాయమై, జింకుకి 1540 దగ్గర ఒకటే పీక్, కాల్షియానికి 1575, 1540 దగ్గర రెండు వస్తాయి. లోహం చుట్టూ ఆమ్లం తలలు, అంటే అణువులో ఆక్సిజన్ ఉన్న కొసలు, కూర్చున్న తీరులోనే ఉంది తేడా అంతా.

పొడిని పొటాషియం బ్రోమైడ్‌తో నూరి, నొక్కి బిళ్ల చేస్తాం. ఒక ఆగస్టులో, ముసురు పట్టిన వారంలో, నాకు 3400 దగ్గర బాగా వెడల్పుగా ఒక పీక్ వచ్చింది. స్ఫటికంలోని నీరు దొరికేసిందని రెండు రోజులు ఒకటే సంబరం. మూడో రోజు సబ్బు లేని ఉత్తి బిళ్ల పెట్టి చూస్తే అందులోనూ అదే! బ్రోమైడ్ గాల్లో చెమ్మ పీల్చుకుంది, నేనేమో థీసిస్‌లో రాసేసుకున్నాను.

అసలు మజా వేడి చేస్తేనే. కాల్షియం స్టియరేట్‌ని, అంటే స్టియరిక్ ఆమ్లపు కాల్షియం సబ్బుని, సుమారు 125 డిగ్రీల దాకా తీసుకెళ్తే, తలల వెనకున్న కార్బన్ తోకలిచ్చే 2850 పీక్ మూడు నాలుగు అంకెలు పైకి జరుగుతుంది, 1180 నుంచి 1350 మధ్య మెట్లలా ఉన్న చిన్న పీకులు చెరిగిపోతాయి. నిటారుగా ఉన్న కార్బన్ తోకలు వంకర్లు పోయాయన్నమాట. అయినా సబ్బు నీళ్లలా కారదు, ఎందుకంటే లోహం పట్టిన తలలు ఇంకా వరసలోనే ఉన్నాయి. మన నాట్లు వేసిన వరిమడి లాగ, మొదళ్లు బురదలో కదలవు, కొసలు మాత్రం గాలికి ఊగుతాయి. జింకుది మాత్రం ఇంచుమించు అదే వేడికి నూనెలా కరిగిపోతుంది.

రేపు ఎవరింటి బకెట్టు తెట్టు వాళ్లు కాస్త గోకి, కడిగి, ఆరబెట్టి పొట్లం కట్టి తీసుకురండి, బిళ్ల నేను నొక్కి ఇస్తాను. ముందు ఉత్తి బిళ్లతోనే మొదలెడదాం.