రోజుకొక పేజీ

శ్రోతలకు నమస్కారం. రాయాలని ఉంది గానీ ఏమి రాయాలో తోచదు అనేవారు మనలో చాలామందే ఉన్నారు. తోచాక కూర్చుందాం అనుకుంటారు. నన్నడిగితే, కూర్చున్నాకే తోస్తుంది.

దీనికి సాక్ష్యం మన కొండ మీదే ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు తన 16వ ఏట మొదలుపెట్టి 1503లో కన్నుమూసేదాకా రోజుకు ఒక్క సంకీర్తనకు తగ్గకుండా చెప్పారని ప్రతీతి. సంప్రదాయం చెప్పే లెక్క మొత్తం 32 వేలు. ఆ సంఖ్య వినగానే గుండె జారుతుంది. కానీ అది దాదాపు 79 ఏళ్ల పని. రోజుల మీద భాగించి చూడండి, రోజుకు ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. రాగిరేకుల మీద మనదాకా వచ్చినవి అందులో సగం కూడా లేవు. పోయినవి రాసిన రోజులు మాత్రం వృథా అని ఎవరంటారు? ఆ చెయ్యి ఆగకుండా ఉన్నది వాటి వల్ల కూడా కదా.

మరి అన్ని పాటలకు వస్తువు ఎక్కడిది? గొబ్బి, ఉయ్యాల, సువ్వి, లాలి... ఇళ్లలో, వాకిళ్లలో ఆడవాళ్లు పాడుకునే తీరులన్నీ ఆయన పదాల్లోకి వచ్చి చేరాయి.

మనకు తిరుపతి బస్టాండు చాలు. అప్పుడే కొండ దిగివచ్చిన ఒక పిల్లవాడు, గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. తన తల ఒకసారి తడుముకుంటాడు, పక్కన కునికిపాట్లు పడుతున్న నాన్న గుండు ఒకసారి తడుముతాడు. ఏది నున్నగా ఉందో తేల్చుకోవాలి మరి! భక్తి గురించి రాయబోతే ఎక్కడో విన్న మాటలే వస్తాయి. ఆ చెయ్యి గురించి రాయండి, మీ మాటలు వస్తాయి. చూసినది ఒకటి, విన్న మాట ఒకటి, ఆ పూటకే చీటీ మీద గీసి పెట్టుకోండి. రాత్రికి గుర్తుంటుందిలే అనుకున్నది ఉండదు.

ఇక వేళ. పొద్దున కాఫీ తాగిన వెంటనే పావుగంట అనుకుంటే అదే పావుగంట, ఫోను పక్క గదిలో. జనవరిలో ఖరీదైన డైరీ కొనేవారికి ఒక మనవి: అందులో కొట్టివేతలకు చెయ్యి రాదు. బడిపిల్లల నోటుబుక్కు మేలు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండు పేజీలు రాసి బాకీ తీర్చాలని చూడకండి, మూడో రోజుకు విసుగు పుడుతుంది. ఎప్పటిలాగే ఒక్క పేజీ.

ఇంకొక ఉపాయం ఉంది. వాక్యం పూర్తికాకముందే లేవండి. మామిడి కాలంలో చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరుతాయి కదా. ‘కాయల బస్తా మీద నిద్రపోతున్న రైతు ఉలిక్కిపడి లేచి’ అని అక్కడే పెన్ను మూసేశారనుకోండి. అతను లేచి ఏమి చేశాడో మర్నాడు పొద్దున మీరు రాయక తప్పదు.