ఖాళీ అయ్యాక ఆ ప్యాకెట్ ఎక్కడికి పోతుంది?

అందరికీ నమస్కారం.

ఆహార కంపెనీల వాళ్లు ప్యాకేజింగ్ మాట ఎత్తగానే అడిగేది ఒకటే: "ప్లాస్టిక్ బదులు ఏం వాడమంటారు?" దాన్ని కాసేపు పక్కన పెడదాం. ప్యాకెట్ ఉన్నది లోపలి తిండిని తేమ, గాలి, వెలుతురు తగలకుండా కాపాడటానికి. ప్రపంచంలో వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో 8 నుంచి 10 శాతం వృథా అయ్యే ఆహారం ఖాతాలోనివేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెబుతోంది. ప్యాకెట్‌ను పల్చగా చేసి, లోపలి సరుకు ముందే పాడైపోతే మనం సాధించిందేమీ లేదు.

ఆ పని చెడకుండా, ఖాళీ అయ్యాక ప్యాకెట్ ఎక్కడికి పోతుందో ఆలోచించి డిజైన్ చేయాలి. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు.

చిప్స్ ప్యాకెట్ లాంటివే తీసుకోండి. పైన అచ్చు వేసిన ఒక ఫిల్మ్, మధ్యలో సన్నని అల్యూమినియం పూత, లోపల అతుక్కోవడానికి ఇంకో పొర. తిండిని కాపాడటంలో దీనికి వంక పెట్టలేం. కానీ ఆ పొరల్ని విడదీయడానికయ్యే ఖర్చు వచ్చే సరుకు విలువను మించిపోతుంది. అందుకే ఎవరూ ముట్టుకోరు. 2015 వరకు పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది సుమారు 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

దీనికి దారి, పొరలన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో చేయడం. పూర్తిగా పాలిథిలీన్, లేదా పూర్తిగా పాలీప్రొపిలీన్. చెప్పినంత తేలిక కాదు. లోపలి పొర కరిగి అతుక్కోవాలి, బయటి పొర కరగకూడదు. రెండూ ఒకే పదార్థమైతే ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. వేడి కాస్త పెరిగితే ప్యాకెట్ ముడుచుకుపోతుంది, తగ్గితే సీల్ ఊడిపోతుంది. ప్యాకింగ్ లైన్ వేగం తగ్గించాల్సి వస్తుంది, ప్రొడక్షన్ వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే: ప్యాకెట్‌ను వేడితో నొక్కి అతికించే యంత్ర భాగాలకు, సాగదీసి గట్టిపరిచిన ఫిల్ములకు, ట్రయల్ రన్‌లకు.

కొన్ని మార్పులకు మాత్రం పెద్దగా ఖర్చు కాదు. కార్బన్ బ్లాక్ అనే మసి లాంటి రంగు వేసిన నల్ల ట్రేలను ఇన్‌ఫ్రారెడ్‌తో వేరుచేసే యంత్రాలు గుర్తించలేవు. రంగు మారిస్తే సరి. సీసా మొత్తాన్ని చుట్టేసే ప్లాస్టిక్ తొడుగుతోనూ ఇదే ఇబ్బంది, యంత్రానికి తొడుగే కనిపిస్తుంది, సీసా కనిపించదు. స్ప్రైట్ అమెరికాలో తన ఆకుపచ్చ సీసాను 2022లో రంగులేనిదిగా మార్చింది. రంగు లేని ప్లాస్టిక్ అయితేనే మళ్లీ సీసాగా మారే అవకాశం ఎక్కువ.

కాగితం అనగానే జనానికి నమ్మకం కలుగుతుంది. నాకు అంత నమ్మకం లేదు. నూనె, తేమ ఆగాలంటే దానికీ ఏదో పూత కావాలి. నూనె పీల్చకుండా కాగితానికి పూసే, ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా మిగిలిపోయే పీఫాస్ రసాయనాలను ఆహార ప్యాకింగ్ కోసం అమ్మడం ఆగిపోయిందని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ 2024లో ప్రకటించింది. ఇక "కంపోస్ట్ అవుతుంది" అనే పీఎల్ఏ కప్పులు, అంటే మొక్కల నుంచి తీసిన పదార్థంతో చేసే ప్లాస్టిక్ కప్పులు. సుమారు 58 డిగ్రీల వేడి ఉండే పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రంలో అయితే అవుతాయి. అలాంటి కేంద్రం లేని చోట ఆ మాట కప్పు మీద అచ్చు వేయడం కొనేవాడిని మోసం చేయడమే.

చివరగా, డబ్బు. కొనుగోలు విభాగం చూసేది ఒక్కో ప్యాకెట్‌కు ఎంత పడిందనే. పారేశాక అయ్యే ఖర్చు వాళ్ల పట్టికలో ఉండదు, అది ఊరి మీద పడుతుంది. చట్టాలు ఇప్పుడు దాన్ని కంపెనీ వైపు తిప్పుతున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన కొత్త నిబంధన ప్రకారం, కొద్దిపాటి మినహాయింపులు పోను, 2030 నాటికి ప్యాకింగ్ అంతా రీసైకిల్ చేయగలిగేదిగా ఉండాలి. రీసైకిల్ కాని ప్యాకింగ్‌కు ఎక్కువ ఫీజు వేసే పద్ధతి ఫ్రాన్స్‌లో ఇప్పటికే ఉంది. మీ మీద అలాంటి ఫీజు ఇంకా పడకపోయినా, పడితే ఎంతవుతుందో లెక్కగట్టి ప్యాకెట్ ధర పక్కనే ఒక గడిలో రాయించండి. ఒకే జాతి ఫిల్మ్ ఖరీదెక్కువన్న వాదన అప్పుడు నిలుస్తుందో లేదో మీ కొనుగోలు వాళ్లే చెబుతారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.