పాత లారీ సెల్ఫ్ అందుకోకపోతే మీటరా, బల్బా? ఏడాది వాడాక నా రివ్యూ

నమస్కారం అండి. ఇవాళ రెండు పనిముట్లు చూపిస్తాను. ఒకటి ఈ పసుపు రంగు డిజిటల్ మల్టీమీటర్, 500 రూపాయల లోపే దొరికింది. రెండోది ఇంట్లో చేసుకున్న టెస్ట్ ల్యాంపు: ఒక హోల్డరు, 24 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు, రెండు వైర్లు, ఒక క్లిప్పు. మా నాన్నగారి పాత ఆరు చక్రాల లారీ మీద ఏడాదిగా రెండూ వాడుతున్నాను.

ఇది డీజిల్ బండి. స్పార్క్ ప్లగ్గులు, కాయిల్ ఉండవు. మెకానికల్ పంపు కాబట్టి ఇంజను ఒకసారి అందుకుందంటే తాళం తీసేసినా నడుస్తూనే ఉంటుంది, స్టాప్ కేబుల్ లాగితేనే ఆగుతుంది. అందుకని ఇలాంటి బండి స్టార్ట్ కావట్లేదంటే, ముందు తాళం నుంచి సెల్ఫ్ మోటారు దాకా కరెంటు సరిగ్గా పోతోందా లేదా అన్నది చూడాలి.

పోయిన వానాకాలం మిల్లు దగ్గర ధాన్యం లోడు ఎక్కించాం. తాళం తిప్పితే సెల్ఫ్ మూలిగినట్టు అరచుట్టు తిరిగి ఆగిపోయింది. డ్రైవర్ అన్నయ్య బ్యాటరీలు పోయాయన్నాడు, చూడటానికి వచ్చినాయనా అదే మాట. అప్పు చేసి రెండూ కొత్తవి వేయించాం. మూడో రోజు మళ్లీ అదే మూలుగు! నాన్నగారి మొహం చూడలేకపోయాను. ఆ వారమే ఈ మీటరు కొన్నాను.

కెమెరా ఇటు తిప్పు తమ్ముడూ. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉన్నాయి. డయల్ 20 మీద పెట్టి కొలిస్తే స్క్రీన్ మీద ఒట్టి 1 వస్తుంది. కంగారు పడొద్దు, 24 వోల్టులు ఆ రేంజి దాటిపోయాయని అర్థం. 200 మీదికి తిప్పండి. చూశారా, 25.3. ఫుల్ ఛార్జి.

ఇప్పుడు అసలు పరీక్ష. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, టైరు కింద చెక్క. ఇంజను అందుకోకుండా స్టాప్ కేబుల్ లాగి పట్టుకోవాలి. డయల్ మళ్లీ 20 మీదికి. నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద పెట్టండి, టెర్మినల్ మీద కాదు, సీసపు పోస్టు మీదే. ఎర్ర వైరు ఇంజను బ్లాకు మీద, రంగు లేని చోట. అన్నయ్యా, సెల్ఫ్ కొట్టు. 0.3. ఇది మంచి రీడింగు. ఆ రోజు మాకు వచ్చింది 6.8. అంటే సెల్ఫ్‌కి అందాల్సిన దాంట్లో దాదాపు ఏడు వోల్టులు ఎర్త్ దారిలోనే, అంటే సెల్ఫ్ నుంచి కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారిలోనే పోతున్నాయి.

ఇదిగో ఆ పాత ఎర్త్ పట్టీ, దాచి ఉంచాను. జడలా అల్లిన రాగి పట్టీ. దగ్గరగా చూపించు. ఈ కొస ఆకుపచ్చగా చిలుము పట్టింది, గోటితో గీరితే పొడి రాలుతోంది. బోల్టు పట్టే ఈ చివరి రేకు, లగ్గు అంటాం, దాని వెనక నీలం రంగు కనపడుతోందా? చాసిస్‌కి రంగు వేసినప్పుడు గీకకుండా రంగు మీదే బోల్టు బిగించేశారు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు విప్పి, ఆ చోటు మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, కొత్త పట్టీ వేశాం. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. కొత్త బ్యాటరీల డబ్బులు మాత్రం తిరిగి రాలేదు. మీరైనా బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క కొలత చూసుకోండి.

ఇక బల్బు సంగతి. చలికాలంలో ఒకరోజు తాళం తిప్పితే అసలు చప్పుడే లేదు. సెల్ఫ్ సోలెనాయిడ్‌కి, అంటే తాళం తిప్పగానే సెల్ఫ్‌కి కరెంటు కలిపే స్విచ్చుకి వచ్చే సన్న వైరు విప్పి, తాళం తిప్పించి మీటరు పెడితే 24.6 చూపించింది. వైరు బాగానే ఉందనుకుని సోలెనాయిడ్ విప్పబోయాను. అదే వైరుకి ఈ బల్బు పెడితే వెలగలేదు! మీటరు దాదాపు కరెంటే లాగదు కాబట్టి, ఎక్కడో పట్టు సరిగ్గా లేని వైరులోనూ వోల్టేజి నిండుగా కనిపిస్తుంది. బల్బు దాదాపు ఒక యాంపు లాగుతుంది, అక్కడ దొంగ వైరు దొరికిపోతుంది. తాళం వెనక ఒక జాయింటు మాడిపోయి ఉంది. ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉన్న కొత్త బండ్ల సెన్సార్ వైర్ల మీద మాత్రం ఈ బల్బు పెట్టకండి.

ఛార్జింగ్ చూడాలంటే ఇంజను రేజ్ చేసి బ్యాటరీ మీద కొలవండి, 28 వోల్టుల దగ్గర ఉండాలి. లేకపోతే డైనమో విప్పే ముందు, తాళం ఆన్ చేయగానే డ్యాష్‌బోర్డులో ఎర్ర ఛార్జింగ్ బల్బు వెలుగుతోందా చూడండి. చాలా పాత బండ్లలో డైనమోని మేల్కొలిపే కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడితే ఛార్జింగూ ఆగొచ్చు.

ఒక్కటే కొనే స్తోమత ఉంటే మీటరు కొనండి. బల్బు ఎలాగూ ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈ మీటరులో నాకు నచ్చనిది వైర్లే, ఆరు నెలలకే మొదలు దగ్గర విరిగాయి, మార్చాను. వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంపు మీటరు కొనాలనుకుంటే జాగ్రత్త. తక్కువ ధరవి చాలావరకు ఏసీ కరెంటు మాత్రమే కొలుస్తాయి, లారీ బ్యాటరీది డీసీ కాబట్టి పనికిరావు. డీసీ యాంపులు కొలుస్తుందా అని షాపులోనే ఏదైనా బండి బ్యాటరీ వైరుకి తగిలించి, హెడ్‌లైట్లు వేయించి చూశాకే డబ్బులివ్వండి.